తబలాకి శ్రుతి ఉంది, డప్పుకి ఎందుకు లేదు?

మా మొఘల్‌పురాలో వాద్యాలు వినాలంటే కచేరీకి వెళ్ళక్కర్లేదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో బరాత్‌తో పాటు మర్ఫా, ఆషాఢంలో పక్కనే లాల్‌దర్వాజా బోనాలకి డప్పు. కిటికీలు మూసినా వినపడతాయి. మొన్న మా కల్చరల్ గ్రూప్‌లో ఒకరు "డప్పుని మ్యూజిక్ కేటగిరీలో ఎలా పెడతాం, దానికి శ్రుతే లేదు కదా" అని మెసేజ్ పెట్టారు. గొడవ మొదలైంది. నాకైతే అందులో మంచి ఫిజిక్స్ ప్రశ్న కనిపించింది. తబలా మీదా చర్మమే, డప్పు మీదా చర్మమే. మరి ఒకదానికే శ్రుతి ఎలా వచ్చింది?

ముందు తీగ సంగతి

రెండు చివర్లా బిగించిన తీగని మీటితే అది ఒకేసారి చాలా రకాలుగా ఊగుతుంది. మొత్తం తీగ ఒకే ముక్కగా ఊగితే వచ్చేది ఫండమెంటల్ ఫ్రీక్వెన్సీ. తెలుగు మీడియం ఫ్రెండ్స్ దీన్ని ప్రాథమిక పౌనఃపున్యం అని చదువుకుని ఉంటారు. అది 100 హెర్ట్జ్ అనుకోండి. రెండు సమభాగాలుగా ఊగితే 200, మూడైతే 300, నాలుగైతే 400. ఇవే హార్మోనిక్స్. అన్నీ 100కి గుణిజాలే.

గుణిజాలైతే ఏంటంట? 100, 200, 300 కలిపిన తరంగం సెకనులో వందో వంతుకోసారి అచ్చం అలాగే రిపీట్ అవుతుంది. ఆ రిపీటే మన చెవికి "ఒక స్వరం". ఇక్కడో తమాషా ఉంది. 100ని తీసేసి 200, 300, 400 మాత్రమే వినిపించినా మన మెదడు 100నే వింటుంది. చిన్నప్పటి గ.సా.భా. లెక్క గుర్తుందా? దాదాపు అదే. పాత టెలిఫోన్ లైన్లు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేవి. మగవాళ్ళ గొంతు ఫండమెంటల్ 100కి కాస్త అటూఇటూ ఉంటుంది. అంటే అసలు ఫండమెంటల్ లైన్ దాటేదే కాదు. అయినా ఫోన్‌లో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినపడేది.

చర్మం మాట వినదు

గుండ్రటి చర్మం తీగలా గుణిజాల్లో ఊగదు. అంతటా ఒకే మందం ఉన్న చర్మానికి మొదటి ఫ్రీక్వెన్సీ 100 అయితే తర్వాతివి సుమారుగా 159, 214, 230, 265, 292. చుట్టూ ఉన్న గాలి వల్ల కొంచెం మారతాయి కానీ కథ ఇదే. వీటికి గ.సా.భా. వెతికినా లాభం లేదు. తరంగం తొందరగా రిపీట్ కాదు, అందుకే చెవికి ఒక స్వరం దొరకదు, "ధన్" అనే దెబ్బ వినపడుతుంది.

డప్పుని మంట దగ్గర కాస్తారు కదా, దాంతో సరిపోదా? చర్మంలో తేమ పోయి బిగుతు పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీలన్నీ పైకి వెళ్తాయి. కానీ అన్నీ ఒకే నిష్పత్తిలో వెళ్తాయి. 159 బై 100 అనేది ఎంత కాచినా అలాగే ఉంటుంది. ఖంగుమనే మోత వస్తుంది, హార్మోనిక్స్ రావు.

నల్ల మచ్చ మ్యాజిక్

తబలా మధ్యలో ఉండే నల్లటి గుండ్రని మచ్చని సియాహీ అంటారు. పిండి, ఇనుప పొడి కలిపిన ముద్దని పొరలు పొరలుగా పూసి, ఒక్కో పొరనీ రాయితో రుద్ది చేస్తారు. మృదంగం కుడివైపు మచ్చకి అన్నం, రాతిపొడి వాడతారు. దీని పని మధ్యలో బరువు పెంచడం. మొదటి రకం ఊపులో చర్మం మధ్యభాగమే అందరికంటే ఎక్కువ ఊగుతుంది కాబట్టి ఆ బరువు దాన్ని బాగా కిందికి లాగుతుంది. రెండో రకంలో మధ్యభాగం కదలదు, రెండు పక్కలే ఊగుతాయి. దాని మీద ప్రభావం తక్కువ. మొదటిది 100 నుంచి 80 దగ్గరికి దిగిందనుకోండి, 159 దానికి దాదాపు రెట్టింపు అయిపోయింది కదా!

దీన్ని సైన్స్ పరంగా మొదట పట్టుకున్నది సి.వి.రామన్. విశాఖపట్నంలో స్కూలు చదువు చదివిన ఆ రామనే. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో రాశారు, 1934లో వివరంగా ఇంకో పేపర్ వేశారు. చర్మం మీద సన్నటి ఇసుక చల్లి ఏ రకంగా ఊగుతోందో చూశారు. మామూలు చర్మం మీద తొమ్మిది రకాల ఊపులకి తొమ్మిది వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. మన వాద్యాల్లో ఆ తొమ్మిదీ కలిసి ఐదు హార్మోనిక్స్‌గా సర్దుకుంటాయి: ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు చొప్పున.

ఇంత లెక్కని ఈక్వేషన్ లేకుండా, పూస్తూ, కొట్టి వింటూ, మళ్ళీ పూస్తూ సాధించిన తయారీదార్ల పేర్లు మనకి తెలీవు. మృదంగాలు చేసేవాళ్ళలో చాలామంది చర్మం పని చేసే దళిత కుటుంబాల వాళ్ళే. వాళ్ళ గురించి టి.ఎం.కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకమే రాశారు.

ఇక గ్రూప్‌లో ప్రశ్నకి నా జవాబు. డప్పుకి శ్రుతి లేదన్నది నిజమే. అది చర్మం లెక్క, వాయించేవాళ్ళ లోటు కాదు. తబలా గాయకుడి సా పక్కన కూర్చోవాలి, కాబట్టి దానికి హార్మోనిక్స్ కావాలి. డప్పు వీధి చివరి వరకూ పిలవాలి, అడుగులకి లయ ఇవ్వాలి. ఆ పనికి సియాహీ అక్కర్లేదు. కాబట్టి మ్యూజిక్ కేటగిరీలోనే పెట్టండి.

నమ్మకం కుదరకపోతే రెండింటినీ ఫోన్‌లో రికార్డ్ చేసి పైథాన్‌లో ఎఫ్ఎఫ్‌టీ వేసి చూడండి. పది లైన్ల కోడ్. తబలా శిఖరాలు దాదాపు సమాన దూరంలో నిలబడతాయి. డప్పువి మాత్రం తమకి నచ్చిన చోట నిలబడతాయి.