కరెంటు మోటారు సైకిల్: కొనే ముందు నడిపి చూద్దాం

ప్రొద్దుటూరు బజారులో, జమ్మలమడుగు, పులివెందుల రోడ్ల మీద ఇప్పుడు పచ్చ నంబరు పలక ఉన్న బండ్లు కనిపిస్తున్నాయి. పచ్చ పలక మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. అవి కరెంటు బండ్లు. పెట్రోలు తాగవు. పొగ వదలవు. చప్పుడు కూడా పెద్దగా చేయవు.

"ఈ బండి మనకు పనికొస్తుందా?" ఊరూరా తిరిగి బట్టలు అమ్మే అన్న అడుగుతున్నాడు. పాలు పోసే తమ్ముడు అడుగుతున్నాడు. లక్ష రూపాయలు, ఆ పైన పెట్టి కొనాల్సిన వస్తువు ఇది. అప్పు చేసి కొనేవాళ్లే ఎక్కువ. అందుకే ముందు తెలుసుకోవాలి. తర్వాత నడిపి చూడాలి. ఆ పైన లెక్క వేసుకోవాలి.

బండి ఎట్లా నడుస్తుంది?

పెట్రోలు బండికి ట్యాంకు, ఇంజను ఉంటాయి. కరెంటు బండిలో ట్యాంకు బదులు బ్యాటరీ ఉంటుంది. ఇంజను బదులు మోటారు ఉంటుంది. బోరు మోటారు కరెంటుతో తిరిగి నీళ్లు తోడుతుంది కదా! ఈ మోటారు చక్రాన్ని తిప్పుతుంది. ఎంత కరెంటు వదలాలో ఒక చిన్న పెట్టె చూసుకుంటుంది. దాన్ని కంట్రోలరు అంటారు. చాలా బండ్లకు కిక్కు లేదు, క్లచ్చు లేదు, గేర్లు లేవు. బ్యాటరీ మన సెల్ ఫోనులో ఉండే రకమే. కాకపోతే చాలా పెద్దది.

ఇవి బొమ్మ బండ్లు కావు. హైదరాబాదులోని గ్రావ్‌టన్ కంపెనీ క్వాంటా అనే బండి తయారు చేసింది. 2021లో ఆ బండి కన్యాకుమారి నుంచి హిమాలయాల్లోని ఖర్దుంగ్ లా కనుమ దాకా 4,000 కిలోమీటర్లకు పైగా నడిచింది.

నడిపి చూసే పద్ధతి

షాపువాళ్లు బండి ఇస్తారు. హెల్మెట్ పెట్టుకోండి. లైసెన్సు దగ్గర ఉంచుకోండి. గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న మోటారు బండ్లకు లైసెన్సు అక్కరలేదు. మోటారు సైకిళ్లకు మాత్రం కావాలి.

తాళం తిప్పినా చప్పుడు రాదు. బండి ఆగి ఉందనుకుని యాక్సిలరేటరు తిప్పితే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. కాబట్టి ఎక్కి కూర్చున్నాకే మెల్లగా తిప్పండి. పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. ఎదుటి మనిషికి బండి వచ్చే శబ్దం వినపడదు. సందుల్లో హారను కొట్టండి.

ఒక్కరే చదును రోడ్డు మీద పోయి వస్తే చాలదు. వెనుక ఒకరిని కూర్చోబెట్టుకోండి. రోజూ మీరు మోసే మూట ఎంతో, అంత బరువు వేయండి. ఎత్తు ఎక్కించి చూడండి. గండికోట కొండ ఎక్కేటప్పుడు బ్యాటరీ తొందరగా తగ్గుతుంది. దిగేటప్పుడు అంత తగ్గదు.

అన్నింటికంటే ముఖ్యం ఇది. బండి మీద బ్యాటరీ ఎంత శాతం ఉందో అంకె కనపడుతుంది. బయలుదేరేటప్పుడు రాసుకోండి. 10 కిలోమీటర్లు తిరిగి వచ్చాక మళ్లీ రాసుకోండి. 80 ఉన్నది 70 అయిందనుకుందాం. అంటే కిలోమీటరుకు ఒక శాతం. నిండు బ్యాటరీతో 100 కిలోమీటర్లు వస్తుంది. చివరి 20 శాతాన్ని నమ్ముకోవద్దు. మీకు మిగిలేది 80 కిలోమీటర్లు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు సుమారు 20 కిలోమీటర్లు. పోయి రావడానికి 40. దిగుల్లేదు. పులివెందులకు పోయి రావాలంటే వంద దాటుతుంది. అక్కడ చార్జింగు పెట్టకుండా తిరిగి రాలేరు. ఖాళీ బ్యాటరీ నిండటానికి ఇంట్లో ప్లగ్గుతో 4, 5 గంటలు పడుతుంది.

కంపెనీ చెప్పే దూరాన్ని ఊరికే నమ్మకండి. 2019లో రివోల్ట్ ఆర్‌వి 400 అనే మోటారు సైకిల్ వచ్చింది. మెల్లగా పోతే 150, మామూలుగా 100, వేగంగా పోతే 80 కిలోమీటర్లు అని ఆ కంపెనీయే చెప్పింది. వేగం పెరిగితే దూరం తగ్గుతుందన్న మాట!

లెక్క వేద్దాం

పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. లీటరుకు 50 కిలోమీటర్లు వస్తే, 100 కిలోమీటర్లకు 220 రూపాయలు. కరెంటు బండికి 100 కిలోమీటర్లకు 4 యూనిట్లు వేసుకుందాం. యూనిట్టు 6 రూపాయలైతే 24 రూపాయలు.

రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవారికి దాదాపు 78 రూపాయలు మిగులుతాయి. నెలకు 25 రోజులైతే 1,950. ఐదేళ్లకు 1,17,000 రూపాయలు.

రోజుకు 5 కిలోమీటర్లే తిరిగేవారికి? నెలకు 245 రూపాయలు. ఐదేళ్లకు 14,700. బ్యాటరీ కొన్నేళ్లకు పాతబడుతుంది. కొత్తది కొనాలంటే పదివేలు కాదు, పదుల వేలు అవుతుంది. చూశారా! ఎక్కువ తిరిగేవారికే ఇందులో లాభం. తక్కువ తిరిగేవారు తొందరపడి అప్పు చేయనక్కరలేదు.

చార్జింగు జాగ్రత్తలు

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో రాత్రి పడకగదిలో బ్యాటరీకి చార్జింగు పెట్టారు. తెల్లవారుజామున అది పేలింది. ఇంటి యజమాని చనిపోయాడు. ఆ నెలలోనే నిజామాబాదులో కూడా ఇట్లాంటి ప్రమాదంలో ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. 2022 డిసెంబరు నుంచి కొత్త నియమాలు మొదలయ్యాయి. అయినా మన జాగ్రత్త మనకు ఉండాలి.

- పడుకునే గదిలో చార్జింగు పెట్టవద్దు. గాలి ఆడే చోట పెట్టండి.
- బండితో వచ్చిన చార్జరునే వాడండి.
- ఎర్తు ఉన్న ప్లగ్గుకే పెట్టండి. అతుకుల వైరు వాడవద్దు.
- మన కడప ఎండలు తెలిసినవే. ఎండలో తిరిగి రాగానే చార్జింగు పెట్టకండి. బ్యాటరీ చల్లారనివ్వండి.
- బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా వాడటం ఆపేయండి. షాపువాళ్లకు చెప్పండి.

రేపటి మాట

2024-25లో మన దేశంలో 11 లక్షలకు పైగా కరెంటు ద్విచక్ర వాహనాలు అమ్ముడుపోయాయి. అమ్ముడైన ప్రతి వంద బండ్లలో సుమారు 6 ఇవే. వీటిలో స్కూటర్లే ఎక్కువ. మోటారు సైకిళ్లు ఇంకా తక్కువే.

తైవాన్ దేశంలో 2015 నుంచి ఒక పద్ధతి ఉంది. మనం ఖాళీ గ్యాసు సిలిండరు ఇచ్చి నిండు సిలిండరు తీసుకుంటాం కదా! అక్కడ ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండు బ్యాటరీ తీసుకుంటారు. అట్లాంటి కేంద్రాలు మన తాలూకాలకు వస్తే పులివెందుల ప్రయాణానికీ భయం ఉండదు.

మరి ఈ కరెంటు ఎక్కడిది? మన జిల్లాలోనే రాయలసీమ థర్మల్ కేంద్రం 1994 నుంచి బొగ్గు మండించి కరెంటు తీస్తోంది. బండి పొగ వదలకపోయినా అక్కడ పొగ ఉంది. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో ఎండ నుంచి కరెంటు తీసే పలకలు పరిచారు. మన ఎండతో వచ్చే కరెంటు పెరిగేకొద్దీ ఈ బండి నిజంగా పొగలేని బండి అవుతుంది.

చెప్పండి చూద్దాం

1. మీరు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? నెలకు పెట్రోలు ఖర్చు ఎంత?
2. 10 కిలోమీటర్లకు 20 శాతం బ్యాటరీ తగ్గితే, నిండు బ్యాటరీతో ఎంత దూరం పోవచ్చు?
3. మీ ఇంట్లో చార్జింగు పెట్టడానికి తగిన చోటు ఏది?