కోతులు చస్తుంటే కూలీలు మేలుకోవాలి

పొద్దున్నే ఇంత గంజి తాగి అడివికి పుల్లలకి పోయిన మనిషి సాయంత్రం మోపు దించి కూలబడతాడు. మోపు ఎంత బరువుందో చూస్తాం గాని, దాంతోపాటు ఒంటిని అంటుకొని ఏమొచ్చిందో చూడం. మోకాలి వెనకో, నడుం దగ్గరో నువ్వుగింజంత పిడుదు పట్టుకొని ఉంటుంది. కొన్నిచోట్ల దీన్నే గోమారి అంటారు. పశువులకు పట్టే పురుగే గదా అని గిల్లి పారేస్తాం. కాని ఈ పిడుదు కాటుతో ప్రాణాలు పోయిన పల్లెలు మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలో ఎన్నో ఉన్నాయి.

1957 మార్చిలో షిమోగా జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడివిలో కోతులు గుట్టలుగా చచ్చిపడ్డాయి. ఆ వెంటనే చుట్టుపక్కల ఊళ్ళలో జనానికి జొరాలు పట్టుకున్నాయి. పూనాలోని వైరస్ పరిశోధనా కేంద్రం వారు వచ్చి పరీక్షిస్తే ఇదొక కొత్త వైరస్ అనీ, పిడుదుల ద్వారా పాకుతున్నదనీ తేలింది. దానికి క్యాసనూరు అడివి జబ్బు అని పేరు పెట్టారు. అక్కడి జనం మాత్రం ‘మంగన కాయిలె’, అంటే కోతి జబ్బు అంటారు.

ఎవరికి వస్తోంది?

అడివికి పోక గడవని వాళ్ళకే వస్తోంది. పుల్లలు ఏరేవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు, వక్కతోటలకు ఎండుటాకులు మోసే కూలీలు, అటవీశాఖలో దినకూలీలు - వీళ్ళే దీని బారిన పడుతున్నారు. 1980ల మొదట్లో బెళ్తంగడి తాలూకాలో జీడిమామిడి తోటల కోసం అడివి నరికించినప్పుడు జబ్బు పెద్ద ఎత్తున చెలరేగింది. తోట ఒకరిదైతే జొరం ఇంకొకరిదైంది. 2018-19లో సాగర తాలూకా అరళగోడు ప్రాంతంలో మళ్ళీ ప్రాణాలు తీసింది. ఈలోగా కేరళ, గోవా, మహారాష్ట్రల్లోకి కూడా పాకింది.

ఎలా గుర్తించాలి?

డిసెంబరు నుంచి మే దాకా దీని కాలం. పిల్ల పిడుదులు ఎండుటాకుల్లో మసిలే రోజులవి. కొండముచ్చులు, కోతులు ఈ జబ్బుతో చచ్చినప్పుడు వాటి ఒంటిమీది పిడుదులు అక్కడే రాలి కొత్త మనిషి కోసం కాచుకుంటాయి. కాబట్టి చచ్చిన కోతే మనకు మొదటి హెచ్చరిక. దాన్ని ముట్టకూడదు, ఆ చోటికి పోకూడదు, వెంటనే ఆరోగ్య సిబ్బందికి చెప్పాలి. వాళ్ళు చుట్టూ 50 మీటర్ల మేర పురుగుమందు చల్లాలి.

పిడుదు కుట్టిన మూడు నుంచి ఎనిమిది రోజుల్లో చలితో జొరం ఒక్కసారిగా ఎగబాకుతుంది. నుదురు పగిలిపోయేంత తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వాంతులు, కళ్ళు ఎర్రబడటం ఉంటాయి. కొందరికి చిగుళ్ళనుంచి, ముక్కునుంచి రక్తం కారుతుంది. తగ్గిందనుకున్నాక ఒకటి రెండు వారాలకు జొరం తిరగబెట్టి, వణుకు, మతి తప్పడం కూడా రావచ్చు. జబ్బు పడ్డవారిలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతున్నారు. దీన్ని చంపే మందు ఇంకా లేదు. పెందలాడే ఆసుపత్రిలో చేర్చి, ఒంట్లో నీరు తగ్గకుండా, రక్తస్రావం ముదరకుండా చూసుకుంటే చాలామంది బతికి బయటపడతారు. నొప్పి మాత్రలు సొంతంగా మింగవద్దు. కొన్ని మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇది మనిషినుంచి మనిషికి అంటదు. రోగిని వెలివేసినట్టు చూడటం తప్పు.

మన పొలాల్లో ఏముంది?

ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో పిడుదుకు దగ్గరి చుట్టమైన ఇంకో సన్నపు పురుగు, కంటికి ఆనని నల్లివంటిది, స్క్రబ్ టైఫస్ అనే జొరం తెస్తోంది. పొదల్లో, గడ్డిలో, గట్లమీద ఉంటుంది. కుట్టినచోట నొప్పి ఉండదు. తర్వాత సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. చంకలో, గజ్జల్లో, రొమ్ముకింద దాక్కొని ఉంటుంది గనుక ఆడవాళ్ళు సిగ్గుపడి చెప్పరు, డాక్టరు అడగడు. ఈ జబ్బుకు డాక్సీసైక్లిన్ అనే చవక మందు బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతేనే ప్రాణంమీదికి వస్తుంది. అందుకే జొరంతో పోయినప్పుడు “నేను అడివికి పోయాను, పొలంలో గడ్డి కోశాను, ఇక్కడ మచ్చ ఉంది” అని మనమే నోరు తెరిచి చెప్పాలి.

ఏం చేయాలి?

నిండు చేతుల చొక్కా, కాళ్ళు కప్పే బట్ట వేసుకోవాలి. పురుగుల్ని తరిమే నూనె రాసుకోవాలి. ఎండుటాకులమీద కూచోవద్దు, పడుకోవద్దు. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్ళలో వేసి, సబ్బుతో ఒళ్ళు రుద్దుకొని, ఒకరి ఒళ్ళు ఒకరు చూసుకోవాలి. పిడుదు కనిపిస్తే బీడీతో కాల్చవద్దు, కిరసనాయిలు పోయవద్దు, గోళ్ళతో నలపవద్దు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని తిన్నగా లాగి, ఆ చోటు సబ్బుతో కడగాలి. పశువులకు ఈ జబ్బు రాకపోయినా పిడుదుల్ని మోసుకొస్తాయి గనుక వాటికీ మందు పట్టించాలి.

అయితే రోజుకూలీతో పొయ్యి వెలిగించేవాడికి “అడివికి పోవద్దు” అని బుద్ధి చెబితే సరిపోతుందా? 1990 నుంచి వేస్తూ వచ్చిన టీకా సరిగా పనిచేయడం లేదని 2022లో ఆపేశారు. కొత్త టీకాకోసం భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ పూనుకున్నాయి. అది చేతికొచ్చేదాకా ఏం చేయాలి? జబ్బున్న అటవీ ప్రాంతాల్లో కర్ణాటక ప్రభుత్వం పంచినట్టు నూనె ఉచితంగా పంచాలి. రక్తపరీక్ష దగ్గర్లోనే జరగాలి. పనిలో వచ్చిన జబ్బుకు వైద్యం, పోయిన రోజులకు కూలీ, ప్రాణం పోతే పరిహారం పని చేయించుకున్నవారూ ప్రభుత్వమూ భరించాలి. స్క్రబ్ టైఫస్ మందు మన ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి. ఒంటిమీద పిడుదును మనం చూసుకుందాం. ఆసుపత్రిలో మందు ఉందో లేదో కూడా పదిమందిమి కలిసి పోయి చూద్దాం. లేకపోతే ఎందుకు లేదో అక్కడే నిలబడి అడుగుదాం.