జారిన డిస్కుకు మాలిష్ ఎంతవరకు?

నడుం భాగంలో వెన్నుపూసలు ఐదు. పూసకూ పూసకూ మధ్య దిండులా ఉండేదే డిస్కు. దాని అంచు గట్టి నారల పొర, లోపలిది జిగురు గుజ్జు. అంచు చిట్లి గుజ్జు బయటికి తోసుకొచ్చి నరాన్ని ఒత్తితే పిరుదు నుంచి పిక్క దాకా, ఒక్కోసారి పాదం దాకా నొప్పి లాగుతుంది. అదే సయాటికా. ఎక్కువగా చిట్లేవి అడుగునున్న రెండు డిస్కులే. ‘డిస్కు జారింది’ అంటారు గానీ అది ఎక్కడికీ జారదు. జారినదాన్ని నొక్కి చోటికి చేర్చవచ్చన్న భ్రమ ఈ మాటలోంచి పుట్టిందే.

డిస్కు ఉండేది బలమైన కండరాలకూ ఎముకకూ లోపల. బొటనవేలి ఒత్తిడి అంతదూరం పోదు. మాలిష్ పనిచేసేది పైకండరాల మీదే. నొప్పికి అవి బిగుసుకుపోతాయి. రోగిని పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, గోరువెచ్చటి నువ్వులనూనెతో వెన్నుకు ఇరుపక్కలా అరచేత్తో మెల్లగా రాస్తే ఆ బిగువు సడలుతుంది. ఆ హాయి కాసేపే. పూసల మీద నేరుగా నొక్కకూడదు. కాలిలోకి జివ్వుమని లాగితే అక్కడితో ఆపేయాలి. ఎముకలు గుల్లబారినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగందే మాలిష్ జోలికి పోకూడదు. స్పర్శ తగ్గినచోట కాపడం పెడితే చర్మం కాలినా తెలియదు.

ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుం తన్నించుకోవడం మన ఊళ్లలో పాత వైద్యం. మామూలు పట్టు సంగతి ఎలా ఉన్నా, చిట్లిన డిస్కుకు ఆ తన్ను చేటే. నడుం మెలితిప్పి ‘టక్’మనిపించడమూ అంతే.

చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే నొప్పి తగ్గుతుంది. బయటికొచ్చిన గుజ్జును శరీరమే మెల్లగా పీల్చుకుంటుంది. రోజుల తరబడి మంచం పట్టడం కన్నా ఇంట్లోనే నాలుగడుగులు వేయడం మేలు. బరువులు మాత్రం ఎత్తకూడదు. నిండు గ్యాస్ సిలిండరే దాదాపు 30 కిలోలు. నొప్పి తగ్గేదాకా దాన్ని ఇంకొకరు ఎత్తాల్సిందే.

మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోయినా, మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా మాలిష్ మాట మరిచి ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.