రక్తదానము – గృహిణుల కర్తవ్యము

అన్నదానము, వస్త్రదానము మన యిండ్లకు క్రొత్తవి కావు. రక్తదాన మనినంతనే మాత్రము మనలో పలువురు బెదరుచున్నారు. కుమారుడు రక్తమిచ్చి వచ్చెనని విని “ఒంటిలోని సత్తువయంతయు పోయెనే!” యని విలపించు తల్లులు నేటికిని కలరు. ఈ భయ మెంతవరకు సహేతుకమో విచారింతము.

ప్రసవసమయమున అధిక రక్తస్రావము కలిగినచో కొలది గడియలలోనే తల్లి ప్రాణమునకు ముప్పు వాటిల్లవచ్చును. అప్పుడు దాతను వెదకి, రక్తము తీసి, పరీక్షించుటకు వ్యవధి యుండదు. ఎవరికై యిచ్చుచున్నారో యెఱుగకయే ముందుగా నొకరిచ్చిన రక్తమే యామెను కాపాడవలయును. తలసీమియా యను వంశానుగత వ్యాధి తీవ్రముగా నున్న బిడ్డలకు కొన్ని వారముల కొకమాఱు రక్త మెక్కించుచునే యుండవలెను. రక్తకణములు శీతలయంత్రమునందు సయితము సుమారు 42 దినములకు మించి నిలువవు. కావున ఒకనాడు పదుగురిచ్చిన చాలదు. ఏడాది పొడవునను ఇచ్చువారుండవలెను.

పూర్వము మన దేశమున రక్తము నమ్ముకొనువారుండిరి. ధనమునకై వచ్చినవానికి తన రోగమును దాచుటకు కారణము కలదు. ఉచితముగా నిచ్చువానికి లేదు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి, 1998 జనవరి 1 నుండి రక్తవిక్రయము నిషిద్ధమైనది. ఇచ్చిన రక్తమును ఎయిడ్స్, కామెర్లు, సవాయి, మలేరియాలకు సంబంధించిన పరీక్షలు చేయుదురు. అయినను వ్యాధి సోకిన తొలిదినములలో పరీక్షకు చిక్కకపోవచ్చును. అందుచే దాత పలుకు సత్యమే రోగికి మొదటి రక్ష.

ఇక దాతకు నష్టమేమి? ఒకమాఱు తీయునది 350 లేక 450 మిల్లీలీటర్లు మాత్రమే. తగ్గిన ద్రవభాగము ఒకటి రెండు దినములలోను, రక్తకణములు కొన్ని వారములలోను మరల పూరింపబడును. 18 మొదలు 65 ఏండ్ల లోపువారై, 45 కిలోలకు తగ్గని బరువును, 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబినును గల ఆరోగ్యవంతులు వైద్యుని యనుమతితో నీయవచ్చును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకమాఱు ఇచ్చిన చాలును. గర్భవతులును, పాలిచ్చు తల్లులును ఈయరాదు.

హిమోగ్లోబిను చాలదని వైద్యులు త్రిప్పి పంపినచో సిగ్గుపడ బనిలేదు. అది మన దేహము చేసిన హెచ్చరిక. ఇంటిల్లిపాదికి వడ్డించి మిగిలినది తినుట మాని, రాగులు, పప్పులు, ఆకుకూరలు, వానితో నిమ్మ, ఉసిరిక భుజించుచు వైద్యుని సలహా పొందవలెను.

1954లో బొంబాయి నగరమున స్వచ్ఛంద రక్తదానోద్యమమునకు పూనుకొన్న లీలా మూల్గావ్‌కర్ స్త్రీయే. మనమందఱ మంతటి కార్యము చేయలేకపోవచ్చును. ఇంటిలో నెవరి రక్తవర్గ మేదియో వ్రాసి యుంచుకొనుట, ఆరోగ్యము కలిగినచో తానే ముందు నిచ్చుట, ఇయ్యబోవు భర్తను, బిడ్డలను అడ్డగింపక వేళకు భోజనము పెట్టి పంపుట మన చేతిలోనివే. నేడు మన యింటినుండి పోయిన రక్తము రేపు ఏ యింటి తల్లిని బిడ్డకు దక్కించునో యెవరెఱుగుదురు!