మెడ దగ్గరి లైన్: మనవాళ్లు ఐసీయూలో ఉంటే అడగాల్సిన మాట

2024 నవంబరులో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన బాలింతలు చనిపోయినప్పటి నుంచి మన ఇళ్లలో సెలైన్ అంటేనే భయం. అప్పుడు అనుమానం రింగర్ లాక్టేట్ ద్రావణం మీద పడింది, ప్రభుత్వం దాని వాడకం ఆపించింది. సీసాలో ఏముందో చూసుకోవడం మన చేతిలో లేదు. కానీ సీసా మంచిదైనా నెత్తుట్లోకి క్రిములు పోయే దారి ఇంకొకటి ఉంది, అక్కడ మనం చేయగలిగింది కొంత ఉంది.

అది సెంట్రల్ లైన్. మెడలోనో, కాలర్ ఎముక కిందనో, గజ్జలోనో పెద్ద సిరలోకి దించే సన్నటి గొట్టం. బీపీ పడిపోయినవాళ్లకు మందులు, కొందరికి డయాలసిస్ దీని ద్వారానే. ప్రాణం నిలిపేదీ అదే. గొట్టం దిగిన చోట చర్మం మీది క్రిములు, మూత దగ్గర తగిలిన మురికి చేయి, ఏదైనా చాలు, నేరుగా రక్తంలోకే.

మన దేశంలో 54 ఆసుపత్రుల ఐసీయూలలో లెక్క తీస్తే 1000 లైన్ రోజులకు, అంటే వందమందికి పది రోజుల చొప్పున లైన్ ఉంటే, దాదాపు 9 మందికి ఈ ఇన్ఫెక్షన్ వచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు దీన్ని మూడింట రెండు వంతుల దాకా తగ్గించాయని 2006లో ప్రచురించారు. కొత్త మందేమీ లేదు. చేతులు కడుక్కోవడం, లైన్ వేసేటప్పుడు గౌను, మాస్కు, గ్లౌజులతో పాటు రోగిని పూర్తిగా కప్పే శుభ్రమైన గుడ్డ, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్, వీలైనంత వరకు గజ్జను వదిలేయడం, అవసరం తీరగానే లైన్ తీసేయడం. అంతే.

ఈ చివరిదే ఎక్కువగా మరుగున పడుతుంది. అందుకే రోజూ డాక్టరు రౌండ్సుకు వచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: "ఈ లైన్ ఇంకా కావాలా సార్?" కన్నడలో అయితే "ఈ లైన్ ఇన్నూ బేకా?" అడిగితే కోప్పడతారేమోనని మనం జంకుతాం, జంకాల్సిన పని లేదు. లోపలికి పోయేముందు చేతులు శుభ్రం చేసుకోండి. విభూతి, తీర్థం తెస్తే కట్టు దగ్గరికి పోనివ్వకండి. కట్టు తడిసినా, ఊడినా వెంటనే సిస్టరుకు చెప్పండి.

డయాలసిస్ కోసం మెడ లైన్‌తోనే ఇంటికి వచ్చేవాళ్ల మీద ఇంకా ఎక్కువ కన్నుండాలి. మెడ మీద నీళ్లు పడేలా స్నానం వద్దు, ఒళ్లు తుడుచుకుంటే చాలు. ఇంట్లో ఎవరూ మూతలు విప్పకూడదు. డయాలసిస్ దీర్ఘకాలం తప్పదంటే చేతికి ఫిస్టులా ఎప్పుడు చేస్తారో మొదట్లోనే అడగండి, అది పనికొచ్చేలా తయారవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. డయాలసిస్ మధ్యలోనో, ఇంటికొచ్చాకో చలి వణుకు వస్తే దుప్పటి కప్పి, జ్వరం బిళ్ల వేసి తెల్లారేదాకా చూడకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోయి, మెడలో లైన్ ఉందని ముందుగా చెప్పండి.