పందెపు కారునకు ఇంధనము చాలనపుడు

కొంతకాలము క్రిందట మా కేంద్రమునకు వచ్చిన శ్రోతల లేఖలలో ఒకటి మమ్ము ఆశ్చర్యపరచినది. వ్రాసినవారు గుంటూరు జిల్లాకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయులు. వారి కుమారుడు అమెరికాలోని డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచు, సెలవు దినములందు పాత షెవర్లే కారు నొకదానిని డ్రాగ్ రేసులకు సిద్ధపరచుచుండునట. బండి సగము దూరము బాణమువలె పోయి, ఆపైని ఆయాసపడి వెనుకబడుచున్నదట. అతడు రెండు మారులు కార్బ్యురేటరు మార్చినాడు. ఫలము లేదు. డబ్బు పోయిన పోనిమ్ము గాని, ఆ వేగములో ఇంజను పగిలినచో కుమారుని గతి యేమని తల్లికి నిద్ర పట్టుట లేదనియు, జబ్బు ఎక్కడ నున్నదో కనుగొను పద్ధతిని వివరింపవలెననియు వారు కోరిరి. తెలిసినవారి నడిగి, పుస్తకములు తిరుగవేసి, మేము సమకూర్చుకొన్న సంగతులను ఇచట వినిపించుచున్నాము.

ఈ పందెములో వంపులు లేవు. ఇద్దరు పోటీదారులు తిన్నని బాటపై ప్రక్కప్రక్కన నిలిచి, పచ్చదీపము వెలుగగానే బయలుదేరి, పావు మైలు, అనగా 1320 అడుగులు, ముందు దాటుటకు పోటీపడుదురు. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, ఒక విమానాశ్రయపు బాటపై, రుసుము గైకొని ఈ పందెములు నడపసాగిరి. 1951లో వాలీ పార్క్సు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించెను. డల్లాసునకు చేరువనున్న ఎన్నిసు పట్టణమున 1986లో తెరచిన టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ ఈ పందెములకు పేరుపొందిన కాంక్రీటు బాట. 2008లో స్కాట్ కలిట్టా అను చోదకుడు ప్రమాదమున మరణించిన పిమ్మట, నైట్రోమీథేనుతో నడచు మహావేగపు బండ్లకు మాత్రము దూరమును 1000 అడుగులకు తగ్గించిరి. ఆ బండ్ల ఇంధనపు కథ వేరు. మన శ్రోత కుమారునిది పెట్రోలు బండి.

ఇంజను శక్తి సుమారు 500 అశ్వములని లేఖలో నున్నది. పూర్తి శక్తితో పనిచేయునపుడు ఒక్కొక్క అశ్వశక్తికి గంటకు సుమారు అర పౌను పెట్రోలు పట్టునని యాంత్రికులు లెక్క వేయుదురు. ఆ లెక్కను ఈ ఇంజనునకు గంటకు 250 పౌనులు, నిమిషమునకు సుమారు రెండున్నర లీటరులు కావలెను. పరుగు పట్టుమని పది సెకనులలో ముగియును గనుక, మొత్తము ఖర్చు అర లీటరు కూడ ఉండదు! ఇంత స్వల్పమునకు ఇంత గొడవ యేల అని తోచుట సహజమే. కాని ఇంజను కోరునది మొత్తము కాదు. ప్రతి క్షణమున తన భాగము తనకు అందవలెనని కోరును.

కార్బ్యురేటరులో ఫ్లోటు గిన్నె కలదు. బండి బయలుదేరునప్పటికి అది నిండియుండును. పంపు కొంత తక్కువ పంపినను, గిన్నెలోని నిలువ కొన్ని సెకనులు లోటును కప్పిపుచ్చును. నిలువ తీరిన పిమ్మట ఆయాసము మొదలగును. మొదట బాగుగా పోయి చివరి గేరులో బండి చతికిలబడుటకు కారణ మిదియే. ఇట్టి లక్షణము వేరు జబ్బులకును ఉండవచ్చును. అయితే ఇంజను ప్రతి గేరులోను ఒకే భ్రమణవేగము చేరగానే తడబడుచున్నచో, స్పార్కు వైపునో, వాల్వు స్ప్రింగుల వైపునో చూడవలెను. క్రింది గేరులలో నిక్షేపముగా నడచి, పై గేరులో మాత్రమే క్రుంగినచో, అనుమానము ఇంధనము మీదికి పోవును. కార్బ్యురేటరు కొనుటకు పూర్వమే ఈ ఒక్క విషయమును గమనించియున్నచో, ఆ యువకునికి కొన్ని వందల డాలరులు మిగిలియుండెడివి.

ఇక ఒత్తిడి గేజీ మాట. బండి నిలిచియుండగా గేజీ చదరపు అంగుళమునకు 7 పౌనులు చూపుచున్నదనియు, కావున పంపు దోషము లేదనియు అతని వాదము. ఇది మన పట్టణములలోని కొళాయి వంటిది. తెల్లవారుజామున ఒక్కరే త్రిప్పిన నీరు చిమ్మును. ఏడు గంటలకు వీధియంతయు త్రిప్పిన పిదప బొట్టుబొట్టుగా రాలును. ఇంజను ఊరక తిరుగునపుడు త్రాగునది అత్యల్పము గనుక, బలహీనమైన పంపు కూడ గేజీపై గొప్పగా కనిపించును.

మరియొక చిక్కు. బస్సు ఒక్కసారిగా కదలినపుడు నిలుచున్నవారు వెనుకకు తూలుదురు గదా! పెట్రోలును అట్లే తూలును. ట్యాంకు వెనుక, ఇంజను ముందు. నడుమ సుమారు పది అడుగుల గొట్టము. బండి త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు సమమైనపుడు, ఆ గొట్టములోని పెట్రోలు చదరపు అంగుళమునకు మూడు పౌనులకు మించి వెనుకకు నెట్టును. ఏడులో మూడు పోగా మిగులునది నాలుగే. నిలిచియున్న బండిలో ఈ సంగతి ఎన్నడును బయటపడదు. అందుచేత అనుభవజ్ఞులు గేజీని అద్దమునకు వెలుపల, చోదకునికి కనిపించునట్లు బిగింతురు. పెట్రోలు గొట్టమును కారు లోపలికి తెచ్చుట ప్రమాదము.

అసలు పరీక్ష అతి సాధారణమైనది. కార్బ్యురేటరు వద్ద గొట్టమును విడదీసి, కొలతగీతలు గల డబ్బాలోనికి ఒక నిమిషము పెట్రోలు వదలి కొలువవలెను. ఇంజను చల్లబడియుండవలెను, దగ్గర నిప్పు గాని, మెరపు గాని ఉండరాదు, మంటనార్పు సాధనము చేతికందునట్లు ఉంచి, ఇద్దరు కలిసి చేయవలెను. ఎదురొత్తిడి లేని డబ్బాలోనికి పడు పరిమాణము అవసరముకన్న గణనీయముగా హెచ్చు ఉండవలెను. లేనిచో పరుగులో చాలదు. తక్కువ వచ్చినపుడు ట్యాంకు మూత తీసి మరల కొలువవలెను. అపుడు పెరిగినచో గాలిరంధ్రము మూసికొనిపోయినదని అర్థము. తరువాత వడపోత గుడ్డను దాటవేసి చూడవలెను. పాత రబ్బరు గొట్టములు వెలుపల చక్కగా నుండి లోపల ఉబ్బిపోవుటయు కలదు. విద్యుత్తు పంపు అయినచో, అది నడచుచుండగా దాని కొనలవద్దనే వోల్టులు కొలువవలెను. బ్యాటరీ వద్ద కొలిచి తృప్తిపడువారే హెచ్చు.

తల్లి భయము నిరాధారమైనది కాదు. ఇంధనము తగ్గి గాలి హెచ్చినపుడు శక్తి తగ్గుటతో ఆగదు. మంట వేడెక్కి, మిశ్రమము అకాలమున ప్రేలి, పిస్టను తల కరగి రంధ్రము పడును. దానికి మందని పెద్ద జెట్టులు వేయువారు కలరు. చాలని ప్రవాహమునకు ద్వారము పెద్దది చేసిన ఏమి లాభము? గిన్నె మరింత త్వరగా ఖాళీ యగును. నిర్ధారణ కావలెనన్నచో, గమ్యము దాటగానే ఇంజను ఆపి, స్పార్కు ప్లగ్గులు తీసి చూడవలెను. పింగాణి భాగము సున్నమువలె తెల్లబడి, చిన్న బొబ్బలు కనిపించిన, మరియొక పరుగు తీయరాదు.

ఈ సంగతులను వ్రాసి పంపితిమి. కొలది వారములకు బదులు వచ్చినది. డబ్బాలో నిమిషమునకు 1.6 లీటరులే పడినవట. మూత తీసినను, వడపోత తొలగించినను మార్పు లేదు. పంపు వద్ద కొలువగా 12కు మారు 10.4 వోల్టులే కనిపించినవి. ముందునుండి వెనుకకు పోవు తీగ సన్నము. దానిలోనే మిగిలిన విద్యుత్తు వృథా యగుచున్నది. లావు తీగ వేసి, రిలే బిగించిన పిమ్మట మూడు లీటరులకు పైగా పడినవట. బండి ఇపుడు చివరిదాక ఊపిరి విడువకుండ పోవుచున్నదనియు, కార్బ్యురేటరులు రెండును అటకపై నున్నవనియు, ఎవరైన కొనినచో అమ్ముదుమనియు ఆ పెద్దలు వ్రాసిరి.