హామర్‌ఫాల్

హామర్‌ఫాల్ స్వీడన్ దేశపు పడమటి తీరములోని గోథెన్‌బర్గ్ నగరానికి చెందిన ఒక పవర్ మెటల్ సంగీత బృందము. దీనిని 1993లో ఆస్కార్ ద్రోన్యాక్ అను గిటారు వాద్యకారుడు స్థాపించాడు. 1980వ దశకములో ప్రపంచమంతటా మారుమ్రోగి, 1990వ దశకారంభములో దాదాపు కనుమరుగైన సాంప్రదాయిక హెవీ మెటల్ బాణీని తిరిగి జనములోనికి తెచ్చిన బృందాలలో దీనిని ముఖ్యమైనదిగా పరిగణిస్తారు. 1997లో వెలువడిన "గ్లోరీ టు ది బ్రేవ్" (వీరులకు జయము) వీరి మొదటి ఆల్బము. 2024లో వచ్చిన "అవెంజ్ ది ఫాలెన్" వరకు మొత్తము 13 స్టూడియో ఆల్బములను వీరు వెలువరించారు.

బృందము పేరుకు "సుత్తి దెబ్బ" అని స్థూలముగా అర్థము చెప్పుకొనవచ్చును.

నేపథ్యము

ఈ బృందము ఎందుకు పుట్టినదో తెలియాలంటే అంతకు ముందరి పదిపదిహేను ఏండ్ల చరిత్ర కొంత తెలియాలి. 1980లో ఇంగ్లండులో ఐరన్ మెయిడెన్ తన మొదటి ఆల్బమును, జూడాస్ ప్రీస్ట్ "బ్రిటిష్ స్టీల్" అను ఆల్బమును విడుదల చేశాయి. జర్మనీలో యాక్సెప్ట్, అమెరికాలో మానోవార్ వంటి బృందాలు ఇదే త్రోవలో నడిచాయి. హెచ్చు స్థాయిలో పాడే గాయకుడు, జంట గిటారులు, వీరగాథల వంటి సాహిత్యము, శ్రోతలందరూ గొంతు కలుపగలిగే పల్లవి వీరి సంగీతానికి లక్షణాలు. 1987, 1988 సంవత్సరాలలో జర్మనీకి చెందిన హెలోవీన్ బృందము "కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్" అను రెండు భాగముల ఆల్బముతో దీనికి మరింత వేగమును, శ్రావ్యతను జోడించినది. పవర్ మెటల్ అనే పేరు ఈ బాణీకే స్థిరపడినది.

1991లో అమెరికాకు చెందిన నిర్వాణ బృందము "నెవర్‌మైండ్" ఆల్బముతో సంచలనము కలిగించిన తరువాత గాలి మారినది. తోలు దుస్తులు, కత్తులు, గుర్రములు, వీరులు పాతబడిన సరుకుగా కనిపించసాగాయి. జూడాస్ ప్రీస్ట్ నుండి గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ వైదొలగాడు. 1993లో ఐరన్ మెయిడెన్ నుండి బ్రూస్ డికిన్సన్ తప్పుకున్నాడు. ఈ సంగీతానికి రెండు కన్నుల వంటి బృందాలు తమ గాయకులను కోల్పోయిన ఆ రోజులలోనే, అందునా 1993లోనే, హామర్‌ఫాల్ మొదలగుట గమనింపదగినది.

గోథెన్‌బర్గ్‌లో పరిస్థితి మరొక విధముగా ఉండేది. అక్కడి యువకులు డెత్ మెటల్ అనే కఠోరమైన శాఖలో పేరు తెచ్చుకుంటున్నారు. పాటను పాడుటకు బదులు గొంతు చించుకొని గర్జించుట దాని పద్ధతి. ఎట్ ది గేట్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఇన్ ఫ్లేమ్స్ అనే మూడు బృందాల మూలముగా "గోథెన్‌బర్గ్ బాణీ" అనే మాటే వాడుకలోనికి వచ్చినది. ద్రోన్యాక్ కూడ సెరిమోనియల్ ఓత్ అనే డెత్ మెటల్ బృందములోనివాడే. ఊరంతా ఒక దారిన పోవుచుండగా అతడు దానిని విడిచి, అందరూ చెల్లిపోయినదనుకున్న పాత బాణీని చేపట్టాడు.

ఆవిర్భావము

ద్రోన్యాక్ తన మిత్రుడు, ఇన్ ఫ్లేమ్స్ స్థాపకుడు అయిన యెస్పర్ స్ట్రోంబ్లాద్‌ను డ్రమ్ములు వాయించుటకు పిలిచాడు. డార్క్ ట్రాంక్విలిటీకి చెందిన మిఖాయెల్ స్టానె గాయకుడుగా చేరాడు. అనగా తొలినాటి హామర్‌ఫాల్‌లో ఎక్కువమంది డెత్ మెటల్ కళాకారులే. వారందరికీ వేరే బృందాలు ఉండుటచేత ఇది తీరిక వేళల వ్యాపకముగానే సాగినది. చాలాకాలము వారు ప్రధానముగా రాక్‌స్లాగెట్ అనే స్థానిక సంగీత పోటీ కొరకే కలిసేవారు.

1996లో ఆ పోటీలో బృందము ఉపాంత్య దశకు చేరినది. ఆ సమయానికి స్టానె రాలేకపోయాడు. అతనికి బదులుగా యోకిమ్ కాన్స్ అను గాయకుని పిలిచారు. న్యాయనిర్ణేతలు బృందాన్ని తుది పోటీకి పంపలేదు గాని, సభికులు మాత్రము ఆదరించారు. కాన్స్ బృందములోనే నిలిచిపోయాడు. హామర్‌ఫాల్ చరిత్రలో అన్నిటికంటె పెద్ద మలుపు ఇదే. స్పష్టమైన, హెచ్చు స్థాయి గల అతని గాత్రము లేనిదే ఈ సంగీతము నిలబడి ఉండేది కాదు.

అటు పిమ్మట గోథెన్‌బర్గ్‌లోని స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో ఫ్రెడ్రిక్ నోర్డ్‌స్ట్రోమ్ ఆధ్వర్యములో మొదటి ఆల్బము రికార్డు చేయబడినది. డెత్ మెటల్ ఆల్బములకు పేరుపొందిన స్టూడియోలోనే దానికి పూర్తిగా విరుద్ధమైన ఆల్బము తయారగుట ఒక విశేషము. 1997 జూన్‌లో జర్మనీకి చెందిన న్యూక్లియర్ బ్లాస్ట్ సంస్థ దానిని విడుదల చేసినది. అందులో అమెరికా బృందమైన వార్‌లార్డ్ 1980వ దశకములో చేసిన "చైల్డ్ ఆఫ్ ది డామ్డ్" అనే పాటను తిరిగి పాడి చేర్చారు. తమ గురువులెవరో మొదటి ఆల్బములోనే చెప్పుకొనుటగా దీనిని భావింపవచ్చును.

సంగీత శైలి

పవర్ మెటల్ వినని తెలుగు పాఠకునికి ఇది వట్టి రణగొణధ్వనిగా తోచవచ్చును. కాని దీని నిర్మాణము చాలవరకు సరళమైనది, మన సంగీత పరిభాషలో చెప్పుకొనుటకు వీలైనది.

గిటారుపై వాయించే మూల స్వరసంపుటిలో ప్రధానముగా రెండే స్వరాలు ఉంటాయి. అవి షడ్జమము, పంచమము. తంబురలో సాధారణముగా వినిపించేవి కూడ ఈ రెండే. విద్యుత్ గిటారు ధ్వనిని యాంప్లిఫయరు భరింపగలిగిన దానికంటె ఎక్కువగా పెంచినపుడు తరంగముల శిఖరాలు కత్తిరింపబడి, అసలు స్వరములో లేని అనుస్వరాలు పుట్టుకొస్తాయి. బొంగురుగా, బరువుగా వినిపించే ఆ నాదానికి కారణమిదే. ఇటువంటి స్థితిలో అనేక స్వరాలను ఒకేసారి మీటినచో అంతా కలగాపులగమగును. షడ్జమ పంచమముల కంపన నిష్పత్తి 2:3 అగుటచేత ఆ జంట మాత్రము చెదరక నిలుస్తుంది. హెవీ మెటల్ అంతా ఈ జంటపై ఆధారపడుట అందువలననే.

పాటలలో చాలవరకు వాడే స్వరశ్రేణి పాశ్చాత్యులు సహజ మైనర్ అని పిలిచేది. దాని స్వరస్థానాలు మన 20వ మేళకర్త యైన నఠభైరవి స్వరస్థానాలే. గమకములు లేవు గనుక రాగచ్ఛాయ వేరుగా ఉండును, పోలిక స్వరస్థానాల వరకే. ఒక గిటారు వరుసను వాయించుచుండగా రెండవది అదే వరుసను మూడవ స్వరము ఎడముగా వాయించుట మరొక లక్షణము. ఇది 1980వ దశకపు ఐరన్ మెయిడెన్ నుండి వచ్చిన సొత్తు. రెండు పాదములతో రెండు తొక్కుడు మీటలను వంతులవారీగా తొక్కుచు పెద్ద డ్రమ్మును ఎడతెగక మ్రోగించుట వలన గుర్రపు దౌడు వంటి నడక కలుగుతుంది.

ఇక గాత్రము. మైకులు లేని కాలములో పౌరాణిక నాటకాలలో పద్యము చివర హెచ్చు శ్రుతిలో రాగము తీసి "వన్స్ మోర్" అనిపించుకున్న నటులను ఎరిగిన రాయలసీమ ప్రేక్షకులకు కాన్స్ గానపద్ధతి అంత పరాయిగా తోచదు. పల్లవి వచ్చినపుడు బృందమంతా ఒక్క గొంతుగా అందుకొనుట బుర్రకథలోని వంతను గుర్తుకు తెస్తుంది.

సాహిత్యము

ఉక్కు, సుత్తి, నిప్పు, వీరమరణము, ధ్వజము, రాజ్యము అనే పదాలు ఈ పాటలలో అడుగడుగునా వస్తాయి. మధ్యయుగపు టెంప్లార్ యోధుల ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. అభిమానులను కూడ టెంప్లార్లు అనియే పిలుస్తారు. వేగము తగ్గించి, పడిన వీరులను తలచుకొనే పాటలు కూడ ఉన్నాయి. మొదటి ఆల్బమునకు పేరిచ్చిన పాట వాటిలో ప్రసిద్ధమైనది.

వీరగాథ అనగానే బనగానపల్లె, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతాలవారికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తుకు రాకమానడు. 1846లో ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఆ వీరుని కథను జానపద గాయకులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఆ పాటలలోని వీరునికి ఊరు ఉన్నది, వంశము ఉన్నది, శత్రువు పేరు కూడ ఉన్నది. హామర్‌ఫాల్ పాటలలోని వీరునికి చాలవరకు ఇవేవీ లేవు. అతడు ఏ దేశమువాడో, ఎవరితో పోరాడుచున్నాడో తెలియదు. ఈ సాహిత్యములోని ప్రధానమైన లోపము ఇదేనని చెప్పవచ్చును. అయితే ఏ దేశపు శ్రోత అయినను ఆ ఖాళీలో తన కష్టమును ఉంచుకొని పాడుకొనగలుగుటకు కూడ అదియే కారణము. స్వీడన్‌కే చెందిన సబాటన్ (స్థాపన 1999) నిజమైన యుద్ధాలను, నిజమైన సైనికులను పాటలలోనికి తెచ్చి ఈ కొరతను కొంత తీర్చినది.

పునరుద్ధరణా? అనుకరణా?

హామర్‌ఫాల్ పై మొదటి నుండి వస్తున్న విమర్శ ఒక్కటే. వీరు క్రొత్తగా చేసినదేమియు లేదు, పాతవారు వాయించినదానినే తిరిగి వాయించారు అని. ఇందులో నిజము లేకపోలేదు. స్వరరచనలో యాక్సెప్ట్, జూడాస్ ప్రీస్ట్, మానోవార్ల జాడలు స్పష్టముగా తెలుస్తాయి. బృందము కూడ దీనిని దాచలేదు. పాత బృందాల పాటలను తిరిగి పాడి, వాటినన్నిటిని 2008లో "మాస్టర్‌పీసెస్" అనే సంకలనముగా వెలువరించినది. 2005 నాటి ఆల్బములో వెనమ్ బృందపు క్రోనోస్, 2022 నాటి ఆల్బములో కింగ్ డైమండ్ అతిథులుగా పాడారు. వీరిద్దరూ 1980వ దశకపు ప్రముఖులే. 1999 నుండి 2014 వరకు డ్రమ్ములు వాయించిన ఆండర్స్ యొహాన్సన్ 1980వ దశకములో ప్రఖ్యాత స్వీడిష్ గిటారు విద్వాంసుడు ఇంగ్వీ మాల్మ్‌స్టీన్ వద్ద పనిచేసినవాడు.

అయినను పునరుద్ధరణకు ఒక విలువ ఉన్నది. పాత బాణీని ఎరిగినవారు ఉన్నంతవరకే దానిని నేర్చుకొనుటకు వీలగును. 1997లో పదిహేనేండ్ల వయసున్న శ్రోతకు 1983 నాటి ఆల్బములు తండ్రుల కాలపు వస్తువులు. అదే బాణీని తన కాలపు కళాకారుల నోట విన్నపుడు అది తనదిగా తోచినది. 1999లో డికిన్సన్ ఐరన్ మెయిడెన్‌కు, 2003లో హాల్ఫర్డ్ జూడాస్ ప్రీస్ట్‌కు తిరిగి వచ్చే నాటికి వారి కొరకు క్రొత్త తరపు శ్రోతలు సిద్ధముగా ఉన్నారు. ఇదంతా హామర్‌ఫాల్ ఘనత అనుట అతిశయోక్తి. కాని ఆ తరమును తయారుచేసిన వారిలో వీరు ఉన్నారనుట నిజము.

బృందము ఒకసారి తన బాణీని మార్చుకొన ప్రయత్నించినది కూడ. 2011 నాటి "ఇన్‌ఫెక్టెడ్" ఆల్బములో వీరులకు బదులు ప్రేతముల వంటి జాంబీల వస్తువును తీసుకొని, ముఖచిత్రము నుండి తమ చిహ్నమైన హెక్టర్‌ను తొలగించారు. అభిమానులలో చాలమందికి ఇది రుచింపలేదు. కొంతకాలము విశ్రాంతి తీసుకొని 2014లో "రెవల్యూషన్" ఆల్బముతో మరలి వచ్చినపుడు హెక్టర్ ముఖచిత్రముపైకి వచ్చాడు, నోర్డ్‌స్ట్రోమ్ కూడ తిరిగి వచ్చాడు. పాతదానినే నమ్ముకొన్న కళాకారునికి మారుటకు స్వేచ్ఛ తక్కువ అని ఈ ఉదంతము తెలుపుతున్నది.

హెక్టర్

కవచము ధరించి చేత సుత్తి పట్టిన ఒక యోధుడు బృందపు చిహ్నము. అతని పేరు హెక్టర్. తొలి ఆల్బముల ముఖచిత్రాలను జర్మనీకి చెందిన ఆండ్రియాస్ మార్షల్ చిత్రించాడు. తరువాతి కొన్నింటిని "వార్‌క్రాఫ్ట్" కంప్యూటర్ ఆటల చిత్రకారుడు శామ్‌వైజ్ డిడియర్ గీశాడు. తెరపై ఆటలాడే యువకులకు ఈ బృందము దగ్గరగుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

ఇతర ఆల్బములు, సభ్యులు

"లెగసీ ఆఫ్ కింగ్స్" (1998) తరువాత "రెనిగేడ్" (2000) ఆల్బమును అమెరికాలోని నాష్‌విల్‌లో మైఖేల్ వాగెనర్ వద్ద రికార్డు చేశారు. అతడు 1980వ దశకపు అనేక మెటల్ ఆల్బములకు పనిచేసిన ఇంజనీరు. "క్రిమ్‌సన్ థండర్" (2002) లోని "హార్ట్స్ ఆన్ ఫైర్" బృందపు పాటలలో మిక్కిలి ప్రజాదరణ పొందినది. 2006 శీతాకాల ఒలింపిక్స్ సందర్భముగా స్వీడన్ మహిళల కర్లింగ్ జట్టుతో కలిసి ఈ పాటకు క్రొత్తగా వీడియో తీశారు. కర్లింగ్ అనగా మంచుపై రాతిని జార్చి, చీపుళ్ళతో దారి నునుపు చేసే ఆట. ఆనెట్ నోర్‌బెరి నాయకత్వములోని ఆ జట్టు ట్యూరిన్‌లో స్వర్ణపతకము గెలుచుకున్నది. ఆ యేడే వచ్చిన "థ్రెషోల్డ్" స్వీడన్ అమ్మకముల పట్టికలో మొదటి స్థానమునకు చేరినది.

"నో శాక్రిఫైస్, నో విక్టరీ" 2009లో వెలువడినది. "బిల్ట్ టు లాస్ట్" (2016), "డొమినియన్" (2019), "హామర్ ఆఫ్ డాన్" (2022) ఆల్బములను ఆస్ట్రియాకు చెందిన నేపామ్ రికార్డ్స్ సంస్థ విడుదల చేసినది. 2024 నాటి ఆల్బముతో బృందము తిరిగి న్యూక్లియర్ బ్లాస్ట్‌కు వచ్చినది.

స్థాపకులలో నేటికీ మిగిలినవాడు ద్రోన్యాక్ ఒక్కడే. స్ట్రోంబ్లాద్ ఇన్ ఫ్లేమ్స్‌కే పరిమితమైనను మొదటి ఆల్బముల పాటల రచనలో పాలుపంచుకున్నాడు. బాస్ గిటారు వాయించే ఫ్రెడ్రిక్ లార్సన్ 1997లో వెళ్ళి, పదేండ్ల తరువాత 2007లో తిరిగి చేరాడు. నడుమ ఆ స్థానములో మాగ్నస్ రొసేన్ ఉండెను. గిటారు వాద్యకారుడు స్టెఫాన్ ఎల్మ్‌గ్రెన్ 2008లో విమాన చోదకుని వృత్తి కొరకు బృందమును వీడగా, అతని స్థానములో పోంటస్ నోర్‌గ్రెన్ వచ్చాడు. 2014లో యొహాన్సన్ తరువాత డ్రమ్ముల బాధ్యత డేవిడ్ వాలిన్‌కు వచ్చినది. నడుమ కొద్దికాలము తప్ప అతడే కొనసాగుతూ వచ్చాడు.